ఊదమన్నారు, ఊదాను

ముందే ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి నేను తాగే ఉన్నాను. యంత్రం తప్పు చూపిందని చెప్పుకోవడానికో, పోలీసులను తిట్టడానికో ఇది రాయడం లేదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే బండి నడపడం నేరం. నాకు 58 వచ్చింది. కోర్టులో తప్పు ఒప్పుకున్నాను, జరిమానా కట్టాను, మూడు నెలలు బండి తాళం ముట్టుకోలేదు. వీటిలో దేనిమీదా నాకు ఫిర్యాదు లేదు. నా బాధ వేరే సంగతి గురించి.

2025 నవంబరు, కార్తీకమాసం వెళ్ళిన మొదటి శనివారం. మా ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్దాయన పదవీ విరమణ విందు. నెల రోజులు నిష్ఠగా ఉన్నవాళ్ళంతా ఆ రోజు గ్లాసులు పట్టుకున్నారు, నేనూ పట్టుకున్నాను. రెండు పెగ్గులు తాగి, భోజనం చేసి, పదిన్నరకు స్కూటరు తీశాను. ఇల్లు విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో, అక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఆటో పిలవమని ఒకరిద్దరు అన్నారు. నాలుగు కిలోమీటర్లకు ఆటో ఎందుకన్నాను.

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది. అంతకు నెల ముందే, అక్టోబరు 24న, కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బస్సు కిందికి వచ్చిన మోటారు సైకిలును నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా మండిపడింది నేనే. తాగి బండెక్కేవాడికి బతికే హక్కు లేదన్నంత దూరం వెళ్ళాను. నెల నిండకుండానే నేనూ తాగి బండెక్కాను.

బీచ్ రోడ్డు వదిలి లోపలికి తిరిగే ఒక కూడలిలో బారికేడ్లు పెట్టి ఆపారు. ఎస్సై చిన్న వయసువాడు. మర్యాదగానే మాట్లాడాడు. నా కళ్ళముందే కవరు చింపి కొత్త గొట్టం తీసి బ్రీత్ ఎనలైజర్‌కు బిగించాడు. "ఆపకుండా ఊదండి" అన్నాడు. ఊదాను. అంకె వచ్చింది. చిన్న చీటీ ముద్రితమై బయటికి వచ్చింది, దానిమీద సంతకం చేయించుకున్నారు. లైసెన్సు తీసుకున్నారు, స్కూటరు పక్కన పెట్టించారు. కాగితాలు రాసేదాకా కూర్చోమన్నారు. మొత్తం ఏడుగురం రోడ్డు పక్కన గట్టుమీద కూర్చున్నాం. ఇంతవరకూ జరిగినదంతా జరగవలసిన పద్ధతిలోనే జరిగింది.

నా పక్కన మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆయనకు 44 వచ్చింది. "బాబూ, నేను జన్మలో మందు ముట్టుకోలేదు" అని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నారు. "అందరూ ఇదే చెబుతారు" అన్నాడొక కానిస్టేబులు. మాలో ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు కానీ, నమ్మానని కూడా చెప్పలేను.

ఆయన అదృష్టం, ఎస్సై విన్నాడు. ఏం తిన్నారు, ఏం తాగారు, ఎప్పుడు అని ఒక్కొక్కటే అడిగాడు. కొడుకు ఇంట్లో భోజనం చేసి, ఒళ్ళునొప్పులకు రెండు మూతలు దశమూలారిష్టం వేసుకుని, వెంటనే బండెక్కారట. ఇల్లు అక్కడికి ఐదు నిమిషాల దూరం. ఎస్సై నీళ్ళ సీసా ఇచ్చి నోరు పుక్కిలించమన్నాడు. "ఇరవై నిమిషాలు ఏమీ నోట్లో వేసుకోకుండా కూర్చోండి, మళ్ళీ చూద్దాం" అన్నాడు.

అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసే మందులు. వాటిలో ఆల్కహాలు దానంతట అదే పుడుతుంది. రెండు మూతలతో ఎవరికీ మత్తెక్కదు. కానీ మింగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన తడిలోని ఆల్కహాలు ఊపిరితో పాటు యంత్రంలోకి పోతుంది. యంత్రమేమో అది ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చిందనుకుని రక్తంలో ఎంత ఉందో లెక్క కట్టేస్తుంది. కొన్ని దగ్గు మందులకూ, నోరు పుక్కిలించే కొన్ని ద్రావకాలకూ ఇదే చిక్కు. నోట్లో ఉన్నది పావుగంటలో పోతుంది. రక్తంలో ఉన్నది అంత త్వరగా పోదు. అందుకే ఆగి రెండోసారి ఊదిస్తే ఎవరు తాగారో, ఎవరు తాగలేదో తేలిపోతుంది. నేను ఇరవై నిమిషాలు కాదు, గంట ఆగి ఊదినా తప్పించుకునేవాణ్ణి కాదు.

ఆ ఇరవై నిమిషాల మధ్యలోనే కెమెరా వచ్చింది.

ఒక స్థానిక ఛానెల్ మనిషి, అతని వెనక దీపం పట్టుకున్న కుర్రవాడు. ఆ వెలుగు ముఖాల మీద పడగానే అందరం ఒకేసారి కదిలాం. ఒకతను హెల్మెట్ పెట్టేసుకున్నాడు. ఇంకొకతను చొక్కా ముఖం మీదికి లాక్కున్నాడు. నేను చేయి అడ్డం పెట్టుకున్నాను. "తాగినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అంటూ ఒక కానిస్టేబులు నా చేయి పక్కకు తీశాడు. ఎస్సై అప్పుడు ఇంకో బండి దగ్గర ఉన్నాడు. కాగితాలు రాస్తున్నవాడి పక్కన నిలబడి ఎవరో మా పేర్లు, తండ్రుల పేర్లు, కాలనీల పేర్లు చదివారు. ఒక్క పెద్దాయన మాత్రం ముఖం దాచుకోలేదు. తప్పు చేయనివాడికి దాచుకోవాలని తోచదు కదా. పైగా ఈ మనిషికి చెబితే న్యాయం జరుగుతుందనుకున్నారేమో, కెమెరా వైపు తిరిగి, చేతులు జోడించి, అరిష్టం సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చారు.

ఛానెల్ వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ఆయన చేత మళ్ళీ ఊదించారు. సున్నా. ఎస్సై ఆ చీటీని యంత్రం నుంచి చింపి ఆయన చేతికే ఇచ్చి, బండి తాళాలు తిరిగి ఇచ్చి, "వెళ్ళిరండి మాస్టారూ" అన్నాడు. ఆయన రిటైరైన బడిపంతులని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఉదయం తొమ్మిదికి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోను చేసింది. "నాన్నా, ఇది నువ్వేనా?" అని మాత్రం అడిగింది. వీడియో నిడివి రెండు నిమిషాలు కూడా లేదు. పైన 'మందుబాబులు' అని పెద్ద అక్షరాలు. కింద మా పేర్లు వరసగా వెళ్తున్నాయి. నా ముఖం మూడు సెకన్లు కనిపించింది. అందులో అందరికంటే ఎక్కువసేపు ఉన్నది పెద్దాయన. మాటలు తీసేసి, వెనక ఏదో సంగీతం పెట్టారు. చేతులు జోడించి పెదవులు కదుపుతున్న ముసలాయన చూసేవాడికి తాగి బతిమాలుకుంటున్నట్టే కనిపిస్తారు.

నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం విష్ణు సహస్రనామ పారాయణానికి వెళ్ళలేదు, ఆ మరుసటి వారమూ వెళ్ళలేదు. మా అమ్మాయి వాళ్ళ తరగతి గ్రూపులో ఆ వీడియో ఎవరో పెట్టి తీసేశారట. తీసేసేలోపు ఎంతమంది చూశారో నేను అడగలేదు. తాగి నడిపినందుకు శిక్ష నాకు పడాలి, పడింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటి?

నా మేనల్లుడు వకీలు. సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చి, చీటీ చూసి, "మామయ్యా, కేసు గురించి ఆలోచించకండి. ఒప్పేసుకోండి" అన్నాడు. ఒప్పుకుంటానన్నాను. "నన్ను ఎందుకు పట్టుకున్నారని అడగను. పట్టుకున్నవాడికి ఏ హక్కులున్నాయో చెప్పు" అన్నాను. రాత్రి పదకొండు దాకా చెప్పాడు.

మొదట నాకున్న అపోహ ఒకటి పోగొట్టాడు. ఊదనని మొండికేయడం హక్కు కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 203వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి గానీ, రవాణా శాఖ అధికారికి గానీ సహేతుకమైన అనుమానం ఉంటే ఊదమని అడిగే అధికారం ఉంది. కాదంటే, తాగి ఉన్నారన్న అనుమానం మీద వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే ఆ నిరాకరణే మనకు వ్యతిరేకంగా నిలుస్తుందని 205వ సెక్షన్ చెబుతోంది. "కాబట్టి ఎవరైనా ఊదవద్దని సలహా ఇస్తే వినకండి" అన్నాడు.

మరి మనవైపు ఏముంది? ఉన్నవాటిని చాలామంది అడగరు. యంత్రం కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన రకానిదై ఉండాలి. చట్టం 'ఒకటి లేదా అంతకంటే ఎక్కువ' ఊపిరి నమూనాలు అంటోంది కాబట్టి, మొదటి ఫలితం మీద అనుమానం ఉంటే ఇంకోసారి ఊదించమని వెంటనే, మర్యాదగా అడగవచ్చు. నోట్లోని తడి పోయేదాకా ఆగాలన్న సంగతి ఆ సెక్షన్‌లో రాసి లేదు. ఆ రాత్రి పెద్దాయనను కాపాడింది ఎస్సైకి ఉన్న తెలివిడి. అది ఆ మనిషి మంచితనం మీద ఆధారపడకుండా నియమంగా రాసి ఉండాలని నా కోరిక. అరెస్టు చేసి స్టేషనుకు తీసుకువెళ్తే అక్కడ కూడా ఊదే అవకాశం ఇవ్వాలి. రక్తం తీయవలసివస్తే వైద్యుడే తీయాలి. ఇవ్వవలసింది మహిళ అయి, వైద్యుడు పురుషుడైతే, మరో మహిళ సమక్షంలోనే తీయాలి. తాగి నడిపినందుకు 202వ సెక్షన్ కింద అరెస్టయినవారికి రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగకపోతే వదిలేయాలి.

స్కూటరు సంగతి అడిగితే, తెలంగాణ హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు చెప్పాడు. తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు పక్కనుంటే బండి అతనికి అప్పగించాలి గానీ స్వాధీనం చేసుకోకూడదని అందులో ఉంది. "మన హైకోర్టు వేరు, కానీ ఆ తీర్పు చూపించి అడగవచ్చు" అన్నాడు. అడిగే అవసరం రాలేదు. మర్నాడే ఆర్సీ చూపించి వాడే స్కూటరు తెచ్చాడు.

మాటల మధ్యలో, కేరళలో పందళం ఆర్టీసీ డిపోలో 2025లో జరిగిన సంగతి చెప్పాడు. డ్యూటీకి వచ్చిన డ్రైవర్లకు యంత్రం మద్యం చూపించింది. ఎవరూ తాగలేదు. చివరికి చూస్తే బాగా మగ్గిన పనసపండు తిన్నారట. సింహాచలం పనసతొనలు వేసవంతా తినే ఊరు మనది. నాకు నవ్వు రాలేదు, పెద్దాయన ముఖమే గుర్తొచ్చింది.

"ఇవన్నీ ఉన్నప్పుడు వీడియో తీయడం ఏ సెక్షన్?" అని అడిగాను.

"ఏ సెక్షనూ కాదు" అన్నాడు. ఆ తర్వాత తనే సర్దుకుని, ఒక చిక్కు ఉందని చెప్పాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం, అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, వారిమీద ఉన్న నేరం వివరాలు ప్రతి స్టేషనులోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. డిజిటల్ రూపంలోనైనా పెట్టవచ్చు. ఆ సెక్షన్ చూపించి, పేర్లు బయటపెట్టడం చట్టమే కదా అని ఎవరైనా వాదించవచ్చు.

నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. మనిషిని ఎత్తుకుపోయి ఎక్కడ పెట్టారో ఇంటివాళ్ళకు తెలియని రోజులు ఈ దేశంలో ఉండేవి. వాటికి విరుగుడుగా, నా కొడుకు ఎక్కడున్నాడని వెతుక్కుంటూ వచ్చే తల్లి కోసం పుట్టింది ఆ జాబితా. అరెస్టయినవాడికి రక్షణగా పుట్టినదాన్ని వాడి మెడలో పలకలా వేలాడదీయడం న్యాయం కాదు. పైగా ఆ సెక్షన్‌లో ముఖాల మాట లేదు, దీపాలు పట్టుకున్న మనుషుల మాట లేదు, చేయి పక్కకు లాగే అధికారం అసలే లేదు. ఆ రాత్రి మాలో చాలామందిని అరెస్టు కూడా చేయలేదు. కోర్టుకు రమ్మని కాగితం ఇచ్చి ఆటోలో పంపేశారు.

లక్నోలో 2020లో ఆందోళనకారుల పేర్లు, ఫొటోలు, చిరునామాలతో కూడళ్ళలో అధికారులు పెద్ద బోర్డులు పెడితే, అలహాబాద్ హైకోర్టు మార్చి 9న వాటిని తీసేయమంది. అది వ్యక్తిగత గోప్యతలోకి అక్రమంగా చొరబడటమేనంది. ఆ వివాదం తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది, విస్తృత ధర్మాసనానికి నివేదించారు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24నే చెప్పింది. పోలీసులు మీడియాకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నదానికి మార్గదర్శకాలు రూపొందించమని 2023 సెప్టెంబరులో అదే సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. ఇవన్నీ మేనల్లుడి దగ్గర కూర్చుని రాసుకున్నాను. ఇన్ని తీర్పులున్నాయని ఆ రాత్రి తెలిసినా, ఆ వెలుగులో నా నోరు పెగిలేదా అంటే, చెప్పలేను.

కోర్టు రోజు అనుకున్నంత భయంగా లేదు. హాలు నిండా మాలాంటివాళ్ళే. పేరు పిలిచారు. తాగి నడిపినట్టు ఒప్పుకుంటున్నారా అని మెజిస్ట్రేటు అడిగారు. ఒప్పుకుంటున్నానన్నాను. మొదటి తప్పు కాబట్టి 10,000 రూపాయల జరిమానా. ఆరు నెలల వరకూ జైలు కూడా వేయవచ్చు. మళ్ళీ దొరికితే 15,000 రూపాయలు, రెండేళ్ళ వరకూ జైలు. అంతా ఐదు నిమిషాలు. అక్కడ నన్నెవరూ మందుబాబు అనలేదు. పేరుకు ముందు శ్రీ కూడా చేర్చి పిలిచారు. తర్వాత రవాణా శాఖ నోటీసు ఇచ్చి, నా మాట విని, లైసెన్సు మూడు నెలలు నిలిపివేసింది.

ఆ రోజు పిలిచిన పేర్లలో పెద్దాయన పేరు లేదు. ఉండదు కూడా. ఆయన మీద కేసే లేదు. కోర్టు కాగితాల్లో ఎక్కడా లేని మనిషి వీడియోలో మాత్రం అందరికంటే ముందున్నారు.

పరువు పోతుందన్న భయంతోనైనా జనం తాగి నడపడం మానుతారని మా ఆఫీసులో ఒకాయన నాతోనే వాదించారు. ఆయన సదుద్దేశంతోనే అన్నారు. నేను అలాంటి వీడియోలు అంతకుముందు ఎన్నో చూశాను. చూసి ఛీ అనుకున్నాను. అవతలివాళ్ళు వేరే జాతి మనుషులనిపించింది గానీ, రేపు నేనూ అక్కడ కూర్చుంటానని ఒక్కసారీ అనిపించలేదు. నన్ను మార్చింది మూడు నెలల నడక, ఆర్టీసీ బస్సు కోసం మద్దిలపాలెంలో నిలబడిన సాయంత్రాలు, ఆపితే తప్పించుకోలేనన్న ఎరుక. తనిఖీలు ఇంకా పెంచండి, ప్రతి శనివారం పెట్టండి, నేను చేతులెత్తి మద్దతిస్తాను. మన నగరంలోనే ఇలాంటి కేసుల్లో బీచ్ శుభ్రం చేయమని కోర్టు ఆదేశించిన సందర్భాలున్నాయి. నాకు అదే వేసి ఉంటే పట్టపగలు, ముఖం దాచుకోకుండా చీపురు పట్టుకునేవాణ్ణి. అది నా మాట విన్నాక న్యాయమూర్తి వేసే శిక్ష. రాత్రి పదకొండు గంటలకు దీపం పట్టుకువచ్చినవాడు ఎవరి మాటా వినలేదు. పెద్దాయన మాటనైతే విని మరీ తీసేశాడు.

ఒక పై అధికారికి వినతిపత్రం రాశాను. తనిఖీ దగ్గర కెమెరాలను దూరం పెట్టాలనీ, కోర్టు తేల్చేదాకా ముఖాలు, పేర్లు ఇవ్వవద్దనీ. అందినట్టు రసీదు ఇచ్చారు. ఛానెల్‌కు రాస్తే రెండు వారాలకు ముఖాలు మసక చేసి మళ్ళీ పెట్టారు. అప్పటికే చేరవలసిన ఫోన్లన్నిటికీ పాతది చేరిపోయింది.

పెద్దాయనను వెతకడం కష్టం కాలేదు. వీడియోలో పేరు, పేట చదివారు కదా. చినవాల్తేరులో రెండు వీధులు తిరిగి అడిగితే, ఒక కిరాణా కొట్టతను "ఆ మందు మాస్టారా?" అన్నాడు. నాకు కాళ్ళు ఆడలేదు.

ఆయన నన్ను గుర్తుపట్టారు. కుర్చీ వేశారు, కాఫీ ఇప్పించారు. పొద్దున్నే బీచ్‌లో నడకకు వెళ్ళడం మానేశానన్నారు. తన దగ్గర చదువుకున్నవాళ్ళు నలుగురు ఎదురవుతారట, అందరికీ అరిష్టం సంగతి చెప్పలేనన్నారు. కొడుకేమో, ఇంక ఆ మందు ముట్టుకోవద్దని సీసా పారేశాడట. "మోకాళ్ళకు బాగా పనిచేసేది" అన్నారు.

వినతిపత్రానికి ఆయన పేరు కూడా జతచేయవచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళి పంచాంగం తెచ్చారు. మధ్యలోంచి ఆ రాత్రి చీటీ తీసి నా చేతిలో పెట్టారు. బస్సు టికెట్టు లాంటి నున్నటి కాగితం. అక్షరాలు అప్పటికే పాలిపోయాయి. తేదీ కష్టం మీద కనిపిస్తోంది. సున్నా ఇంకా కనిపిస్తోంది.

"మాస్టారూ, ఈ కాగితం మీద అచ్చు నిలవదు. ఇప్పుడే జిరాక్స్ తీయించాలి" అన్నాను.

"మీ బండి మీద వెళ్దామా?" అన్నారు.

నాకు లైసెన్సు లేదు, ఇంకా నలభై రోజులుందని చెప్పాను. ఆయన చెప్పులు వేసుకున్నారు, మఫ్లరు చుట్టుకున్నారు. కిరాణా కొట్టు ముందునుంచే నడిచి వెళ్ళాం. కాస్త నల్లగా పడేలా పెట్టి, నాలుగు కాపీలు తీయించాం.